కడప స్టూడియోకు ముంబై సర్వరు: రెండేళ్లు వాడినాక

కడపలో మాది పెళ్లి వీడియోలు తీసే చిన్న స్టూడియో. ఎడిటింగ్ హైదరాబాదులో బావమరిది చేస్తాడు. మునుపు హార్డ్ డిస్కును టవల్లో చుట్టి రాత్రి బస్సు డ్రైవరన్న చేతికిచ్చేవాణ్ని. అది చేరిందని ఫోనొచ్చేదాకా నిద్ర ఉండేది కాదు.

రెండుచోట్లా ఫోల్డర్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఫైళ్లు నేరుగా పోతాయన్నారు. పోయినాయి, నత్తలా. రౌటర్‌లో బయటి ఐపీ (నెట్‌లో మన అడ్రసు) 100.64 నుంచి 100.127 లోపు కనబడితే, ఒకే పబ్లిక్ అడ్రసును నెట్ వాళ్లు చాలామందికి పంచుతున్నట్టు. బయటి నుంచి మన మిషన్‌ను నేరుగా అందుకోవడం కష్టం. మాకూ, బావమరిది ఇంట్లోనూ అదే తంతు. దాంతో డేటా అంతా ఎవరో ఉచితంగా నడిపే రిలే, అంటే ఇటునుంచి అందుకుని అటు పంపే సర్వరు, మీదుగా పోయేది. పైగా నేను మిషన్ ఆపే వేళకు అతను కూర్చునేవాడు.

అందుకే ముంబైలో రోజంతా ఆన్‌లో ఉండే లినక్స్ సర్వరు అద్దెకు తీసుకుని మూడో మనిషిలా మధ్యలో పెట్టినా. సింక్‌థింగ్ డేటా వచ్చిపోయే తలుపులాంటి 22000 పోర్టును టీసీపీకీ యూడీపీకీ, అంటే డేటా పంపే రెండు పద్ధతులకూ తెరిచినా. సెట్టింగుల స్క్రీన్ ఉండే 8384ను మాత్రం బయటికి తెరవలేదు, ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన దారిలోంచే చూస్తా. దేవుని కడప గుళ్లో తీసిన ఓ పెళ్లి 180 జీబీ. మా 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌కు లెక్కప్రకారం పది గంటలు. మధ్యలో కరెంటు మూడుసార్లు పోయినా, ఎక్కిన ముక్కలు మళ్లీ ఎక్కించే పని పడలేదు.

బిల్లు దగ్గర మాత్రం దెబ్బ తిన్నా. మా ప్లాన్‌లో లోపలికొచ్చే డేటా ఉచితం, బయటికి పోయేదానికే డబ్బు. బావమరిది రెండో ల్యాప్‌టాప్ కలిపేసరికి రెండూ విడివిడిగా సర్వరు నుంచే లాగినాయి. వాటిని ఒకదానికొకటి పరిచయం చేసినాక ఇంటి వైఫైలోనే పంచుకుంటున్నాయి. సర్వరు కొనేటప్పుడు ర్యామ్ కంటే ముందు ఈ బయటికి పోయే కోటా చూడండి.

ఇంకోటి నా తప్పే. చోటు లేదని స్టూడియోలో ఒక పెళ్లి ఫోల్డరు తీసేసినా. కాసేపటికి ఫోను: "బావా, ఫోల్డరు ఖాళీగా ఉందే!" ఇక్కడ తీసేస్తే అన్నిచోట్లా పోతుంది మరి. పాత ఫైళ్లు దాచే వర్షనింగ్ మనం ఆన్ చేస్తే తప్ప ఉండదు. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి పరువు దక్కింది. ఇప్పుడు సర్వరులో 30 రోజులు చెత్తబుట్టలో ఉండేట్టు పెట్టినా.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. సర్వరు ఆపినా డిస్కు అద్దె ఆగదు. అందుకే ఆ నెల అదనపు డిస్కు తీసేసి, శ్రావణానికి కొత్తది తగిలిస్తా.