కాలువ ఒడ్డున పడవల మరమ్మతు షెడ్డు: 2020 నాటి అనుభవం

కృష్ణపట్నం సమీపంలో బకింగ్‌హామ్ కాలువ ఒడ్డున ఉన్న ఒక ఫైబర్ పడవల మరమ్మతు షెడ్డులో 2020లో పని చేయించుకున్నాను. మా నెల్లూరు తీరంలో పడవ యజమానికి ఈశాన్య రుతుపవనాలే భయం. అక్టోబరు నుంచి వచ్చే వాయుగుండాలకు ముందే అడుగుభాగాన్ని సరిచేసుకోకపోతే, కాలువలో కట్టేసి ఉంచిన పడవకు కూడా ముప్పే. మామూలుగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే చేపల వేట నిషేధకాలంలోనే ఈ పని ముగుస్తుంది. ఆ ఏడాది మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, పనివాళ్లు రాక, చెన్నై నుంచి రావలసిన రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు), ఫైబర్ మ్యాట్ (గాజునార గుడ్డ) తడ వద్ద తమిళనాడు సరిహద్దు దాటక షెడ్డు మూతపడింది; పైగా నిషేధాన్ని మే 31తోనే ముగించడంతో, తలుపులు తెరిచేసరికి అందరూ ఒకేసారి వరుస కట్టారు. నా వంతు సెప్టెంబరు చివరికి గాని రాలేదు.

పనితనానికి వంక పెట్టలేను. అడుగున పట్టిన గుల్లలు గీకి, పగుళ్లు ఉన్నంత మేర పాత పొరను తీసేసి, తేమ పూర్తిగా ఆరిన తరువాతే కొత్త మ్యాట్ పరచి రెజిన్ పట్టించారు. (తొందరపడి మరోచోట తడి మీదే పొర వేయించుకున్న మా పక్క పడవకు నెల తిరగకుండానే బుడగలు లేచాయి.) ధర మాత్రం నచ్చలేదు: ముందు చెప్పిన 14,000 రూపాయలు చివరికి 18,500 అయ్యాయి, సరుకు ధర పెరిగిందన్నారే గాని రసీదు చూపలేదు. నవంబరు నెలాఖరున నివర్ తుపాను వానలకు కాలువ పొంగినప్పుడు పడవలోకి చుక్క నీరు ఊరలేదు. చుక్కాని బిగింపు వదులైతే మళ్లీ తీసుకువెళ్లాను. దానికి డబ్బు అడగలేదు.