ఓడ దిగాక చేతిలో మిగిలే గంటలు: కరీబియన్ రేవుల్లో ఎక్కడ ఏం దొరుకుతుంది

కరీబియన్ క్రూజ్ బుక్ చేసేటప్పుడు ముందు ఓడ చూస్తాం, తర్వాత గదికి బాల్కనీ ఉందో లేదో, ఆ తర్వాత ధర. రేవుల పేర్లు చదివేది అన్నిటికన్నా చివర. కానీ ఆ వారం ఎలా గడిచిందో తేల్చేవి ఆ మూడు నాలుగు రేవులే. ఫొటోల్లో అన్నిచోట్లా అవే నీలి నీళ్లు, అదే తెల్లటి ఇసుక. ఓడ నుంచి నేల మీదికి ఎలా చేరతాం, చేరాక ఎన్ని గంటలు మనవి? అసలు తేడా అంతా అక్కడుంది.

ప్రోగ్రామ్‌లో "ఉదయం 8 నుంచి సాయంత్రం 5" అని వేశారనుకోండి. 8కి ఓడని తాళ్లతో కట్టడం అవుతుంది. స్థానిక అధికారులు సరేనన్నాక దిగే దారి తెరుస్తారు. దిగేవాళ్ల వరుస కదిలి, పొడవాటి జెట్టీ నడిచి, టాక్సీలో కూర్చునేసరికి 9 అవుతుంది. అటుపక్క, 5కి బయల్దేరే ఓడకి అందరూ ఎక్కి ఉండాల్సిన గడువు మామూలుగా 4:30. గంట ముందే జెట్టీ దగ్గర ఉంటే గుండె నిబ్బరంగా ఉంటుంది కాబట్టి 3:30. తొమ్మిది గంటలనుకున్నది ఆరున్నరకి దిగింది. రానూపోనూ ప్రయాణం తీసేస్తే అయిదు. ఆ అయిదింటికి సరిపడా ఒక్క పని పెట్టుకున్నవాళ్లు హాయిగా తిరిగొస్తారు. మూడు పెట్టుకున్నవాళ్లు రోజంతా వ్యాన్‌లోనే గడుపుతారు.

గడియారం సంగతి ఇంకా ముఖ్యం. జమైకా, గ్రాండ్ కేమన్, మెక్సికోకి చెందిన కోజుమెల్ దీవి ఏడాది పొడవునా సమయం మార్చుకోవు. మయామీ మాత్రం వేసవిలో గంట ముందుకి జరుగుతుంది. ఓడ మయామీ సమయం మీదే నడుస్తుంటే, జులైలో కోజుమెల్ దిగిన మీ ఫోన్ అక్కడి టవర్‌ని పట్టుకుని తనంతట తానే గంట వెనక్కి వెళ్తుంది. ఫోన్‌లో 3:30 చూసి ఇంకా బోలెడు టైముందనుకుంటారు, ఓడలో అప్పటికి 4:30. కొన్ని ఓడలు స్థానిక సమయానికి మారతాయి, కొన్ని మారవు. అందుకే దిగే ముందు ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేయాలి, లేదా చేతికి మామూలు వాచీ పెట్టుకుని దాన్ని ఓడ గడియారంతో కలపాలి. ప్యూర్టో రికోలోని శాన్ హువాన్, సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్ చలికాలంలో మయామీకన్నా గంట ముందుంటాయి. అక్కడ పొరపాటు పడినా తొందరగా వచ్చేస్తారు తప్ప ఓడ తప్పదు.

అన్ని రేవుల్లోనూ ఓడ గట్టుకి ఆనదు. గ్రాండ్ కేమన్‌లోని జార్జ్‌టౌన్‌లో పెద్ద ఓడలకి జెట్టీ లేదు. కట్టాలన్న ఆలోచనకి 2025 రెఫరెండంలో అక్కడి ఓటర్లు వద్దన్నారు. కాబట్టి ఓడ దూరంగా నిలబడుతుంది, జనాన్ని టెండర్ అనే చిన్న పడవల్లో దింపుతారు. టెండర్‌కి నంబర్లు ఇస్తారు. ఓడ దగ్గర టూర్ కొన్నవాళ్లు ముందు వెళ్తారు, సొంతంగా తిరిగేవాళ్లు తర్వాత. నాలుగైదు ఓడలు ఒకేసారి వచ్చిన రోజున వెనక్కి రావడానికీ అంతే పొడవు వరుస. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు అలల మీద ఊగే పడవలోకి అడుగు పెట్టడం కష్టం. వాళ్లతో వెళ్తుంటే టెండర్ రేవులు తక్కువున్న రూట్ ఎంచుకోవడం మేలు. ఇంకో చిక్కు గాలి. జార్జ్‌టౌన్ దీవికి పడమటి ఒడ్డున ఉంది. మామూలు రోజుల్లో తూర్పు గాలికి దీవే అడ్డుగా నిలుస్తుంది, నీళ్లు చెరువులా ఉంటాయి. చలికాలంలో వాయవ్యం నుంచి నార్తర్ గాలి దిగితే మాత్రం అలలు నేరుగా ఆ ఒడ్డుకే కొడతాయి. అప్పుడు ఓడలు దక్షిణాన స్పాట్స్ దగ్గర దింపుతాయి, లేదా ఆ రేవునే వదిలేస్తాయి. రేవు మానేస్తే ఓడ టూర్ డబ్బులు పూర్తిగా వెనక్కొస్తాయి. బయట బుక్ చేసుకున్న పడవకైతే వాళ్ల రద్దు నిబంధన ఏముందో ముందే చదివి ఉండాలి.

ఇంత చెప్పినా, కేమన్ దిగగలిగితే వదులుకోకూడదు. స్టింగ్‌రే సిటీ అనే ఇసుక దిబ్బ మీద నడి సముద్రంలో నడుములోతు నీళ్లలో నిలబడొచ్చు. బల్లపరుపుగా, చాపంత వెడల్పున ఉండే టేకు చేపలు కాళ్ల మధ్యనుంచి జారిపోతుంటాయి. వాటి తోకమీద ముల్లుంటుంది. అది కుట్టేది ఎక్కువగా కాలితో తొక్కినప్పుడే. అందుకని అడుగు ఎత్తి వేయకూడదు, పాదాలు ఇసుకలో ఈడుస్తూ నడవాలి. ఆ కదలికకి చేప తనే పక్కకి తప్పుకుంటుంది. చేత్తో నిమరొచ్చు, నీళ్లలోంచి పైకెత్తకూడదు. దుకాణాల్లో ధరలు కేమన్ డాలర్లలో ఉంటాయన్నది మరిచిపోవద్దు. చీటీ మీద 20 అని ఉంటే అమెరికన్ డాలర్లలో సుమారు 25 కట్టాలి.

బహామాస్ రాజధాని నాసౌ దాదాపు ప్రతి చిన్న క్రూజ్‌లోనూ ఉంటుంది. దానికి కారణం 1886 నాటి ఒక అమెరికా చట్టం. విదేశీ జెండాతో నడిచే ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్లని మళ్లీ అక్కడే దించాలంటే, మధ్యలో ఏదో ఒక విదేశీ రేవుకి వెళ్లాలి. ఫ్లోరిడాకి అన్నిటికన్నా చేరువలో ఉన్న విదేశం బహామాస్. జెట్టీ ఊరి నడిబొడ్డునే ఉంటుంది కాబట్టి ఇక్కడ టూర్ కొనాల్సిన పనే లేదు. సున్నపురాయి కొండని బానిసల చేత తొలిపించిన క్వీన్స్ స్టెయిర్‌కేస్‌కి ఇరవై నిమిషాల్లోపు నడక. మెట్లెక్కితే పైన ఫిన్‌కాసిల్ కోట. పడమటి వైపు నడిస్తే జంకనూ బీచ్, ప్రవేశ రుసుము లేదు. కాస్త దూరంగా, ప్రశాంతంగా ఉండే ఇసుక కావాలంటే 10వ నంబర్ జిట్నీ బస్సు కేబుల్ బీచ్ వైపు వెళ్తుంది. బీచ్‌లో జెట్ స్కీ తిప్పుతామని వెంటపడేవాళ్లకి గట్టిగా వద్దని చెప్పాలి, ముఖ్యంగా ఆడవాళ్లు ఒంటరిగా ఉంటే. అమెరికా విదేశాంగ శాఖ ఈ విషయంలో హెచ్చరికలు ఇచ్చింది. నాసౌ ఇదివరకే చూసినవాళ్లు ఆ రోజు ఓడలోనే ఉండిపోవచ్చు. స్విమ్మింగ్ పూల్ ఖాళీగా దొరికేది ఆ రోజే.

కోజుమెల్‌లో ఒకటే మాట: దీవిలోనే ఉండండి. చాలామంది ఎదురు తీరంలో ఉన్న ప్రాచీన మాయన్ల టులుమ్ శిథిలాల కోసం బయల్దేరతారు. ప్లాయా దెల్ కార్మెన్‌కి ఫెర్రీ ముప్పావు గంట, అక్కణ్నుంచి బస్సు దగ్గర దగ్గర గంట, మళ్లీ అంతా వెనక్కి. అయిదు గంటల్లో నాలుగు దారికే పోతాయి. ఫెర్రీ ఊగితే పిల్లలకి వాంతులు. మాయన్ల కట్టడమే చూడాలనుకుంటే దీవిలోపలే శాన్ హెర్వాసియో ఉంది. చిన్నదే కానీ అడవి నీడలో తీరిగ్గా తిరగొచ్చు. లేకపోతే నీళ్లలోకి దిగండి. పలాంకార్ దిబ్బ దగ్గర పగడాలు అంత స్పష్టంగా కనిపించే చోటు ఈ రూట్‌లో మరొకటి లేదు. ఇక్కడ మూడు జెట్టీలున్నాయి. పుంతా లాంగోస్తా ఊళ్లోనే ఉంది. మిగతా రెండూ ఊరికి దక్షిణాన, టాక్సీ కావాలి. వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవర్‌కి ఓడ పేరు కాదు, జెట్టీ పేరు చెప్పాలి. ఎండాకాలంలో సార్గాసమ్ అనే గోధుమరంగు నాచు తూర్పు ఒడ్లకి కొట్టుకొచ్చి కుళ్లిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. కోజుమెల్ బీచ్ క్లబ్బులు పడమటి వైపున్నాయి కాబట్టి అక్కడ ఆ బాధ తక్కువ. అదే మెక్సికో ప్రధాన భూభాగం మీదున్న కోస్తా మాయా రేవు తూర్పు ముఖంగా ఉండి బాగా దెబ్బతింటుంది.

జమైకాలో పెద్ద ఓడలు ఎక్కువగా ఆగే రేవులు మూడు, మీ ఓడ ఏ రేవులో ఆగుతుందో చూడకుండా డన్స్ రివర్ జలపాతం బుక్ చేయకండి. అది ఓచో రియోస్ పక్కనే ఉంది. ఫాల్మౌత్‌లో దిగితే ఒక్కో వైపు గంటకి పైగా, మాంటెగో బే నుంచి ఇంకా ఎక్కువ. జలపాతం పొడవు దాదాపు 180 మీటర్లు, కింద బీచ్ దగ్గర మొదలుపెట్టి చేతులు పట్టుకుని గొలుసుగా ఎక్కుతారు. రాళ్లు నున్నగా ఉంటాయి, చెప్పులతో కుదరదు, రబ్బరు అడుగున్న నీటి బూట్లు ఇంటి దగ్గరే కొనుక్కుంటే చవక. ఎక్కలేని పెద్దవాళ్లకి పక్కనే పొడి మెట్ల దారి ఉంది, అక్కణ్నుంచి చూస్తూ రావచ్చు. ఫాల్మౌత్‌లో దిగినవాళ్లకి దగ్గర్లోనే మార్తా బ్రే నదిలో వెదురు తెప్పలున్నాయి. ఆ ఊరి పేరుతో వినిపించే మెరిసే మడుగు చీకట్లోనే మెరుస్తుంది, సాయంత్రానికే వెళ్లిపోయే ఓడవాళ్లకి పనికిరాదు.

శాకాహారులకి జమైకా మంచి చోటు. అక్కడ పుట్టిన రాస్తఫారియన్ మతస్తులు తినే ఐటల్ భోజనంలో మాంసం ఉండదు. కల్లలూ ఆకుకూర, కొబ్బరిపాల కూరలు మనవాళ్ల నోటికి ఇట్టే పడతాయి. "రైస్ అండ్ పీస్" అంటే రాజ్మాతో వండిన అన్నం. నాసౌలో దొరికే "పీస్ ఎన్ రైస్"లో మాత్రం తరచుగా పంది మాంసం ముక్కలు పడతాయి, అడక్కుండా తినకూడదు. మెక్సికోలో చిక్కుడు గింజల ముద్దని పంది కొవ్వుతో వేయించే అలవాటుంది. "సిన్ మంతేకా" అని అడగాలి. ఓడలోని బఫే నుంచి పండ్లు, శాండ్‌విచ్‌లు పట్టుకుని దిగితే చాలా దీవుల్లో జరిమానా పడుతుంది. సీలు తీయని బిస్కట్ ప్యాకెట్‌తో సాధారణంగా పేచీ ఉండదు. మిలిటరీ మచ్చల (కామోఫ్లాజ్) బట్టలు జమైకా, బార్బడోస్‌లలో చట్టవిరుద్ధం, పిల్లల నిక్కర్లయినా సరే.

తూర్పు రూట్‌లో సెయింట్ థామస్ తేలిక. డాలరే, అమెరికా నేలే, కాకపోతే బళ్లు ఎడమవైపు నడుస్తాయి. టాక్సీ ధర బండికి కాదు, మనిషికి ఇంత అని ప్రభుత్వం నిర్ణయించింది. నలుగురు ఎక్కితే నలుగురికీ కట్టాలి. ఎక్కే ముందే మొత్తం ఎంతో అడిగి తెలుసుకోవాలి. మాగెన్స్ బే కొండకి అవతల ఉంది, ప్రవేశ రుసుము ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక వెనక్కి వచ్చే టాక్సీలకి వరుస పెరుగుతుంది. ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ ఇక్కడ నిషేధం, జింక్ ఆక్సైడ్‌తో చేసింది తీసుకెళ్లండి.

సెయింట్ మార్టెన్‌లో అందరూ చూడాలనుకునేది మాహో బీచ్, విమానాలు తల మీదుగా రన్‌వే మీదికి దిగే చోటు. దిగే విమానాన్ని ఇసుకలో నిలబడి చూడండి. ఎగిరే విమానం వెనక కంచె పట్టుకుని మాత్రం నిలబడొద్దు. 2017లో ఆ గాలి తోపుకి ఒకావిడ ప్రాణం పోయింది. మాహో దారిలో ఉన్న సింప్సన్ బే వంతెన పడవల కోసం తెరుచుకున్నప్పుడు ఆ రోడ్డంతా ఆగిపోతుంది, వెనక్కి రావడానికి మరో గంట అదనంగా పెట్టుకోవాలి. శాన్ హువాన్‌లో ఓడ మధ్యాహ్నం తర్వాత చేరితే ముందు ఎల్ మొర్రో కోటకే నడవండి, సాయంత్రానికి తలుపులు మూస్తారు. రంగు రంగుల వీధులు రాత్రి కూడా చూడొచ్చు.

దక్షిణాన కురసావో, అరూబా తుఫానుల దారికి చాలావరకు బయట ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే సెలవు దొరికేవాళ్లకి ఇవే నయం. కురసావోలో 1888 నాటి క్వీన్ ఎమ్మా తేలే వంతెన ఓడ వచ్చినప్పుడు తలుపులా పక్కకి తెరుచుకుంటుంది. మార్టినిక్, గ్వాడెలూప్‌లలో ఆగితే ఆడవాళ్ల సంప్రదాయ దుస్తుల్లో గళ్ల బట్ట గమనించండి. దాని పేరే "మద్రాస్". పందొమ్మిదో శతాబ్దంలో ఈ దీవుల చెరకు తోటలకి తీసుకెళ్లిన మద్రాసు తీరపు కూలీల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు.

కంపెనీల సొంత దీవుల్లో టాక్సీ, గడియారం, బేరం ఏ గొడవా లేదు. బహామాస్‌లో రాయల్ కరీబియన్ కంపెనీ దీవి కోకోకేలో మామూలు భోజనం టికెట్‌లోనే, వాటర్ పార్కుకి విడిగా కట్టాలి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి ఇంతకన్నా సుఖమైన రోజు దొరకదు. బహామాస్ మనుషుల్ని చూశామని మాత్రం అనుకోవద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇవన్నీ చూసే ముందు పాస్‌పోర్ట్‌లోని స్టాంప్ తేదీ చూసుకోవాలి. వీసా స్టాంప్ గడువు దాటిన హెచ్-1బీ వాళ్లు 30 రోజుల్లోపు తిరిగొచ్చే వెసులుబాటు కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. ఓడ నాసౌలో ఆగితే అది చెల్లదు. ఎఫ్-1, జె-1 వాళ్లకి క్యూబా తప్ప పక్కనున్న దీవులకీ వర్తిస్తుంది. ఎఫ్-1 వాళ్లకి కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ఉండాలి. స్టేటస్ మార్పు దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవాళ్లు ఓడెక్కితే దాన్ని వదులుకున్నట్టే. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి తిరిగొచ్చాక కొత్తగా ఆరు నెలలు వస్తాయని లెక్కేసుకోకూడదు. భారత పాస్‌పోర్ట్‌కి ఏ రేవులో ఏం కావాలో బుకింగ్ నంబర్‌తో కంపెనీని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

ఓడ తప్పితే? ఓడ అమ్మిన టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి వాళ్లే చేరుస్తారు. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. ఖర్చంతా మనదే. అలాంటప్పుడు మొదట వెతకాల్సింది ఆ రేవులో ఓడ కంపెనీ తరఫున పనిచేసే పోర్ట్ ఏజెంట్‌ని. సిబ్బంది మీ గది లాకర్‌లో పాస్‌పోర్ట్ దొరికితే అతని దగ్గర వదిలి వెళ్తారు. అతని నంబర్ గదికి వచ్చే రోజువారీ ప్రోగ్రామ్ కాగితం మీద ఉంటుంది. ప్రతి రేవులోనూ దిగే ముందు ఆ కాగితాన్ని ఫొటో తీసుకోండి.