తొమ్మిదేళ్లుగా కాలితో తొక్కుతున్న సెల్ఫ్: నా జీఎంసీ మిలిటరీ ట్రక్కు

నా ట్రక్కు సెల్ఫ్‌కి, అంటే ఇంజిన్‌ని మొదట తిప్పి స్టార్ట్ చేసే మోటారుకి, తాళం చెవి లేదు, బటనూ లేదు. ఆక్సిలరేటర్ పక్కన ఇంకో చిన్న పెడల్ ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి దాన్ని కాలితో తొక్కితే ఇంజిన్ తిరుగుతుంది. 1943 నాటి జీఎంసీ సీసీకేడబ్ల్యూ ఇది, రెండున్నర టన్నుల సరుకు మోసే అమెరికా సైన్యపు ట్రక్కు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇలాంటివి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. చాలావరకు మిషిగన్‌లోని పాంటియాక్‌లోనే, అంటే నేనుండే ట్రాయ్‌కి పొరుగునే. 2016లో కొన్నాను.

కొన్నప్పుడు అది 6 వోల్టుల బండి. పొద్దున బానే స్టార్టయ్యేది. పరేడ్‌లో గంటసేపు నత్తనడక నడిచి ఇంజిన్ వేడెక్కాక ఆపితే మాత్రం, మళ్లీ తొక్కినప్పుడు "ఊఁ... ఊఁ..." అని మూలిగి ఊరుకునేది. వెనక బ్యాండ్ మేళం, పక్కన జెండాలు పట్టుకున్న పిల్లలు, మధ్యలో నేను బంపర్ ముందు నిలబడి ఇంజిన్‌ని చేత్తో స్టార్ట్ చేసే హ్యాండిల్ తిప్పడం. అప్పుడే ఇండియా నుంచి వచ్చిన మా నాన్న ఆ అవతారం చూసి నవ్వలేదు. "బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకురా, మిగతా వేళ్ల పక్కనే పెట్టు. ఎదురు తన్నిందంటే మణికట్టు పోద్ది" అన్నారు. చిన్నప్పుడు లారీ క్లీనర్లు హ్యాండిల్ కొట్టడం చూసిన మనిషి మరి.

అందరూ చెప్పే చిట్కానే నేనూ పాటించాను. సెల్ఫ్‌ని ముట్టుకోకుండా బ్యాటరీ 12 వోల్టులది పెట్టి, డైనమో తీసేసి ఆల్టర్నేటర్ బిగించి, కాయిల్, బల్బులు మార్చాను. "6 వోల్టుల సెల్ఫ్ 12 మీద బ్రహ్మాండంగా తిరుగుద్ది" అన్నారు. తిరిగింది కూడా. పెడల్ మీద కాలు పెట్టడమే ఆలస్యం, బండి అందుకునేది. నాలుగేళ్లు మహారాజులా తిరిగాను.

ఐదో ఏడు మొదట్లో అప్పుడప్పుడూ "గర్ర్" మని పళ్లు గీరుకున్న చప్పుడు. తర్వాత రోజూ అదే. సెల్ఫ్ విప్పి ఆ కంతలోంచి టార్చి వేసి చూస్తే ఫ్లైవీల్ రింగు (ఇంజిన్ వెనకున్న బరువైన చక్రం చుట్టూ ఉండే పళ్ల పట్టీ, సెల్ఫ్ తిప్పేది దీన్నే) పళ్లు మూడు చోట్ల కుక్క కొరికినట్టున్నాయి. మిగతా చుట్టంతా కొత్తదానిలా మెరుస్తోంది. మూడు చోట్లే ఎందుకంటే, ఆరు సిలిండర్ల ఇంజిన్ ఆపినప్పుడు సిలిండర్లో నొక్కుకున్న గాలి (కంప్రెషన్) అడ్డుపడి ఎప్పుడూ ఆ మూడు స్థానాల్లో ఏదో ఒకదాని దగ్గరే ఆగుతుంది. కాబట్టి సెల్ఫ్ దెబ్బ ఎప్పుడూ ఆ పళ్లకే.

ఈ పెడల్ పని రెండంచెల్లో జరుగుతుంది. మొదట లివర్ పినియన్‌ని, అంటే సెల్ఫ్ షాఫ్టు మీది చిన్న పళ్లచక్రాన్ని, నెట్టి రింగు పళ్లలో కూర్చోబెడుతుంది. ఇంకాస్త తొక్కితే సెల్ఫ్ పైనున్న స్విచ్ కలుస్తుంది. పన్నుకు పన్ను ఎదురుపడితే పినియన్ లోపలికి పోదు. లివర్ స్ప్రింగు నొక్కుకుని, స్విచ్ కలిసి, మోటారు కాస్త తిరిగాక టక్కున లోపలికి దూకుతుంది. 6 వోల్టుల మీద అది చిన్న తోపు. 12 మీద సమ్మెట దెబ్బ. దానికితోడు నా బండిలో లివర్ మీది సర్దుబాటు స్క్రూ తప్పుగా ఉంది. పినియన్ పూర్తిగా కూర్చోకముందే స్విచ్ కలిసిపోతోంది. దాన్ని రెండు చుట్లు తిప్పితే పోయేది. నాలుగేళ్లు అటువైపు చూడనేలేదు.

రిపేరు చిన్నది కాదు. గేర్‌బాక్స్ దించి, క్లచ్ తీసి, ఫ్లైవీల్ విప్పాలి. రింగు వేడిచేసి ఊడదీసి, తిరగేసి, పళ్ల అంచులు సానబట్టి మళ్లీ ఎక్కించాను. అరిగేది పినియన్ వచ్చే వైపే కాబట్టి రెండో వైపు పనికొచ్చింది. సెల్ఫ్‌ని రివైండింగ్ షాపుకిచ్చి 12 వోల్టుల ఫీల్డ్ కాయిళ్లు, కొత్త బుష్‌లు, బ్రష్‌లు వేయించాను. మొదటి షాపువాడు బుష్‌లు మార్చానని డబ్బు తీసుకుని పాతవే వదిలేశాడు. షాఫ్టు పట్టుకుని ఊపితే తెలిసిపోయింది. రెండో షాపులో ఎదురుగా కూర్చుని చేయించుకున్నాను. పెడల్ మాత్రం అలాగే ఉంచాను. సాలినాయిడ్ (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి బటన్ బిగించమన్నవాళ్లున్నారు. బటన్ కావాలంటే కొత్త కారుంది కదా.

అలా ఇంకో ఐదేళ్లు గడిచాయి. ఇంతవరకూ ఒక్క గీరుడు లేదు. 30 సెకన్లకు మించి తొక్కను, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నిస్తాను.

అయితే నన్ను ఏడిపించింది ఇంకోటి. పోయినేడాది తెలిసినాయన ఒకరు ఇదే మోడల్, 6 వోల్టుల బండి, ఇదే మూలుగుడు అంటూ పిలిచారు. ఇంజిన్ తిప్పుతుండగా మీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 5.4 వోల్టులు, సెల్ఫ్ దగ్గర 4.3. వోల్టు పైచిలుకు దారిలోనే పోతోంది. చూస్తే కేబుళ్లు కార్ల షాపులో కొన్న సన్నరకం, ఎర్త్ పట్టీ కింద పెయింటు. అదే పనికి 6 వోల్టులకి రెట్టింపు కరెంటు కావాలి, అదే తీగలో నష్టం నాలుగు రెట్లు. వేలంత లావు వెల్డింగ్ కేబుల్ వేసి, ఎర్త్ దగ్గర ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాం. వేడి ఇంజిన్ మీద మొదటి తొక్కుకే అందుకుంది. ఖర్చు అరవై డాలర్లు. నాకైన దాంట్లో ఇరవయ్యో వంతు కూడా కాదు. మళ్లీ మొదలుపెడితే నేను 6 వోల్టులు వదలను. ఇప్పుడు వెనక్కి వెళ్లాలంటే ఆల్టర్నేటర్ నుంచి బల్బుల దాకా అన్నీ మళ్లీ మార్చాలి, ఆ ఓపిక లేదు.

ఇలాంటి బండి కొనబోయేవాళ్లు బేరం కుదుర్చుకునే ముందు సెల్ఫ్ విప్పించండి. ఇంకొకరిని హ్యాండిల్ మెల్లగా తిప్పమని, టార్చి వేసి రింగు పూర్తి చుట్టు చూడండి. రెండు చోట్ల బాగుంది కదా అని లేచిపోకండి, మూడోది కూడా వచ్చేదాకా తిప్పించండి.