మెనూలో లేని సాల్సా కోసం ఆరేళ్ళు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంటుకి ఏడు నిమిషాల దూరంలో, టైర్ల షాపుకీ లాండ్రీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ మెక్సికన్ రెస్టారెంటు. ఆరేళ్ళుగా నెలకి రెండు మూడుసార్లు వెళ్తున్నాం. వేడి పెనం మీద మాంసం, కూరగాయల ముక్కలతో ఫహీతాలు పొగలు కక్కుకుంటూ రావడం, కూర్చోగానే ఊరికే పెట్టే మొక్కజొన్న చిప్సు, ఇవన్నీ డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మంచుముద్దలా గ్లాసులో పోసిచ్చే టెకీలా కాక్‌టెయిల్, ఫ్రోజెన్ మార్గరీటా, దాని మెషీను పుట్టిందే డాలస్‌లో, 1971లో. ఆ మొదటి మెషీను ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. చప్పుడుని బట్టి చూస్తే వీళ్ళదీ అక్కడికి పంపాల్సిన వయసుదే. నేను రాయాలనుకున్నది మాత్రం ఒక్క సాల్సా గురించి, అంటే వాళ్ళ పచ్చడి గురించి.

టేబుల్ మీద పెట్టే సాల్సా కాదు. అది పల్చగా, కాస్త తియ్యగా ఉంటుంది. గుంటూరు వైపు పుట్టినవాడికి అది పసిపిల్లలకి అన్నంలో కలిపి పెట్టుకునే సరుకు. మొదటి మూడేళ్ళూ నేను "ఇంకొంచెం కారంగా ఏమైనా ఉందా" అని అడగడం, వాళ్ళు ఊరవేసిన హలపీన్యో మిరప ముక్కలో, సీసాలో సాసో తెచ్చివ్వడం, నేను సర్దుకుపోవడం.

మూడో ఏడు చలికాలంలో ఒక గురువారం ఆఫీసు నుంచి ఆలస్యమై, ఒక్కణ్ణే వెళ్ళాను. తొమ్మిదిన్నర. మూసే వేళ. వంటవాళ్ళు, సర్వర్లు మూల టేబుల్ దగ్గర కూర్చుని వాళ్ళ భోజనం వాళ్ళు చేస్తున్నారు. మధ్యలో పెరుగు డబ్బా లాంటిదొకటి, అందులో ఇటుక రంగు ముద్ద, పైన వేలెడు నూనె తేలుతోంది. చూడగానే నాకు మా ఇంటి జాడీ గుర్తొచ్చింది. అదేమిటని అడిగితే సర్వర్ నవ్వి, అది మా కోసం చేసుకున్నది సార్, కస్టమర్లకి ఇవ్వం, ఒకసారి ఇస్తే పెద్ద గొడవైంది అన్నాడు. నేను వదల్లేదు. చివరికి కెచప్ పోసే బుల్లి కప్పులో ఒక చెంచాడు వేసి, పక్కన రెండు గ్లాసుల మంచినీళ్ళు పెట్టి వెళ్ళాడు.

చిప్‌తో కాస్త తీసి నోట్లో పెట్టుకున్నాను. ముందు వేయించిన మిరపకాయ వాసన, ఆ వెనకే వెల్లుల్లి, తర్వాత వెనిగర్ పులుపు. మంట మాత్రం తీరిగ్గా, గొంతు దిగాక మొదలైంది. పొలమారింది, కళ్ళల్లో నీళ్ళు. మూల టేబుల్ మొత్తం నన్నే చూస్తోంది. నేను ఏం చేశానంటే, ప్లేటులో ఉన్న, టమాటాతో వండిన ఎర్రన్నాన్ని చెయ్యి పెట్టి ఓ పక్కకి తీసి, కప్పులో మిగిలింది మొత్తం అందులో కలిపి, ముద్దలు చేసుకుని తిన్నాను. మూల టేబుల్ నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. అమెరికాలో నాకు ఇంకెక్కడా, ఉద్యోగంలో కూడా, అంత మర్యాద జరగలేదు.

అది చీలే దె ఆర్బొల్. చిటికెన వేలంత సన్నగా ఉండే ఎండుమిరప. దాన్ని చేసే వంటాయనది మెక్సికోలోని హలీస్కో రాష్ట్రంలో యావాలికా ప్రాంతం. 2018లో అక్కడి మిరపకి ప్రభుత్వం నుంచి ప్రాంతీయ గుర్తింపు వచ్చిందని ఆయనకి మహా గర్వం. మా గుంటూరు సన్నం మిరపకీ అలాంటి గుర్తింపే, జీఐ, ఉందని నేనూ తగ్గలేదు. తర్వాతసారి ఇంటి నుంచి ఒక పొట్లం కారం తీసుకెళ్ళి ఇచ్చాను కూడా. వేలితో అద్ది నాకి, "మంట బాగుంది, వాసనే లేదు" అన్నాడు. ఆ పొట్లం ఎనిమిది నెలల నాటిది, నా ఖర్మ. అప్పట్నుంచీ అడక్కుండానే కాఫీ కప్పులో పోసి, మూత పెట్టి తెచ్చేవాళ్ళు. డబ్బుల ప్రసక్తే లేదు.

"తెచ్చేవాళ్ళు" అని రాశాను, గమనించండి. మేనేజరు మారాక బిల్లులో ఎక్స్‌ట్రా సాల్సా అని 99 సెంట్లు పడుతోంది. 99 సెంట్లకి బాధ లేదు గానీ, చుట్టరికానికి రసీదు ఇచ్చినట్టుంది. పైగా వంటాయనకి సోమవారం సెలవు. ఆ రోజు చేసే కుర్రాడు మిరపకాయలు మాడుస్తాడు. ఈ రకం పెనం మీద పది సెకన్లు ఎక్కువుంటే చాలు, చేదెక్కిపోతుంది. సోమవారం వెళ్ళకండి.

ఇంకొకటి. శాకాహారులు కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చని ఈ ఊళ్ళో కనీసం పదిమందికి చెప్పినవాణ్ణి నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిరుడు వేసవిలో అమ్మ వచ్చింది. గుడ్డు కూడా ముట్టదు. నాలుగుసార్లు తీసుకెళ్ళాను, నాలుగుసార్లూ మెత్తగా మెదిపిన బీన్సూ ఎర్రన్నమూ ఇష్టంగా తింది. మొక్కజొన్న రొట్టె, టోర్టియా, వాసన చూసి "సున్నం వేస్తారా?" అని పట్టేసింది కూడా. నిజమే, ఆ మొక్కజొన్నని సున్నపు నీళ్ళలోనే ఉడికిస్తారు. అంతటి ముక్కు గల మనిషి నాలుగోసారి "బీన్స్ ఎంత కమ్మగా ఉన్నాయిరా, నెయ్యి వేశారా?" అంది. ఏమో, కనుక్కుంటానని సర్వర్ని అడిగాను. "నెయ్యి కాదు సార్, మాంతేకా" అన్నాడు. మాంతేకా అంటే పంది కొవ్వు. అన్నం కోడి ఉడికించిన నీళ్ళలో వండుతారట. ఇన్నాళ్ళూ "మాంసం ఉందా?" అని అడిగితే లేదనేవాళ్ళు. అబద్ధమూ కాదు, వాళ్ళ లెక్కలో కొవ్వూ ఆ నీళ్ళూ మాంసం కావు. తప్పు నా ప్రశ్నలో ఉంది. అయినా కోపం వాళ్ళ మీదే వచ్చింది, రెండు నెలలు అటు వెళ్ళలేదు. అమ్మకి చెప్పానా లేదా అన్నది ఇక్కడ రాయను.

వెళ్ళేవాళ్ళు "సిన్ మాంతేకా", అంటే మాంతేకా లేకుండా, అని గట్టిగా అడగండి. ఈ రెస్టారెంటులో నల్ల బీన్స్ మాత్రం నూనెతోనే చేస్తారు. అన్నం జోలికి పోకండి. రొట్టె మధ్యలో చీజ్ పెట్టి కాల్చే కెసడీయా, కూరగాయల ఫహీతా ఉన్నాయి, పెనం వేరేగా పెట్టమంటే పెడతారు, రద్దీ లేకపోతే.

మరి బాగుందా అంటే, నాకు బాగుంది. నేను మాంసం తింటాను, ఇల్లు ఏడు నిమిషాలు, పిల్లలిద్దరూ చిప్సు ఉంటే అల్లరి చెయ్యరు, వంటాయన నన్ను ముఖం చూసి గుర్తుపడతాడు. ఇవేవీ లేకుండా ఫ్రిస్కో నుంచి అరగంట పైన డ్రైవ్ చేసుకుని వస్తే మీ ముందు ఆ తియ్యటి సాల్సానే పెడతారు. ఆ కప్పు కావాలంటే తొమ్మిది దాటాక, సోమవారం కాకుండా వెళ్ళి, మూల టేబుల్ వైపు చూపించి అడగండి. మొదటిసారి ఇవ్వకపోవచ్చు.