పాత సినిమాకు నల్లగుడ్డ అంచు: చాలా ఏళ్లు వాడాక

ఇంట్లో ప్రొజెక్టర్ తెర కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేవి కొలతలు. వెడల్పెంత, గుడ్డ ఏ రకం, వెలుతురును ఎంత తిప్పికొడుతుంది. అవన్నీ పెట్టె మీదే ఉంటాయి కనుక వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది మా ఇంట్లో ఉన్న ఈ తెరకు రెండు పక్కలా ఉన్న నల్ల వెల్వెట్ గుడ్డల గురించి. తాడు లాగితే అవి లోపలికి జరిగి, బొమ్మ ఎంత వెడల్పుంటే అంతవరకే తెరను కనబడనిస్తాయి. సినిమా హాళ్లలో దీన్ని మాస్కింగ్ అంటారు. ఈ తెర వచ్చాక ప్రొజెక్టర్ మారింది, స్పీకర్లు మారాయి. తెర మాత్రం ఆ రెండు గుడ్డల పుణ్యాన గోడ మీదే ఉండిపోయింది.

నేను చూసేవాటిలో ఎక్కువ భాగం 1953కు ముందువి. అప్పటి బొమ్మ దాదాపు నలుచదరంగా ఉండేది. మూకీల్లో ఎత్తు ఒకటైతే వెడల్పు 1.33. మాటలు వచ్చాక, 1932లో, హాలీవుడ్ 1.37ను ప్రమాణంగా పెట్టుకుంది. ఇప్పటి టీవీలూ ఇళ్లలో వాడే ప్రొజెక్టర్లూ 1.78 ఆకారానికి తయారవుతున్నాయి. ఆ తెర మీద పాత సినిమా వేస్తే వెడల్పులో 77 శాతమే బొమ్మ, మిగిలినదంతా రెండు పక్కలా ఖాళీ. ఆ ఖాళీ నిజంగా నల్లగా ఉంటే పేచీయే లేదు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, వెలుతురును ఆపడం ఒక్కటే దానికి చేతనైన పని. అదీ పూర్తిగా ఆపదు. కాబట్టి పక్క పట్టీలు బూడిదరంగులో మసకగా వెలుగుతూనే ఉంటాయి. పగటి దృశ్యం నడుస్తున్నంతసేపు వాటి ఊసే తట్టదు. కథలో ఎవరో దీపం ఆర్పుతారు, గది చీకటవుతుంది, ఆ చీకటీ పక్క పట్టీల చీకటీ ఒకే రంగులో కలిసిపోతాయి. బొమ్మ ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. వెల్వెట్‌ను అంచుదాకా లాగితే ఆ గందరగోళం పోతుంది. దర్శకుడు ఎక్కడ గీత గీశాడో అక్కడే గీత కనిపిస్తుంది.

ఖాళీ చూడలేని చాలామంది ఎంచుకునే దారి జూమ్. బొమ్మను పక్కలకు నిండేదాకా పెద్దది చేస్తే ఎత్తులో దాదాపు నాలుగోవంతు పైనా కిందా కొట్టుకుపోతుంది. మన పౌరాణికాలు చూసేవారికి దీని ఫలితం వేరే చెప్పక్కర్లేదు, ముందు పోయేవి కిరీటాలే. 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లే కెమెరా ఆ ఎత్తును లెక్కలోకి తీసుకునే మనుషులను నిలబెట్టింది. ఘటోత్కచుడి నెత్తి మీద ఆ కాస్త జాగా లేకపోతే ఎస్.వి. రంగారావు భారీతనం సగమే దక్కుతుంది. ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను. ఈ కోతలు టీవీలతో మొదలు కాలేదు. 1953లో వెడల్పు తెరల మోజు వచ్చినప్పుడు స్టూడియోలే ఈ పనికి దిగాయి. 1.37కు తీసిన 'షేన్' అనే హాలీవుడ్ చిత్రాన్ని పైనా కిందా కత్తిరించి 1.66గా విడుదల చేశారు. తీసినవాళ్లే అలా చేశాక రిమోట్ పట్టుకున్న బంధువును ఏమని నిందించను?

ఈ గుడ్డల విలువ నాకు బాగా తెలిసివచ్చింది ఒక చిత్రోత్సవంలో. ఏ ఉత్సవమో చెప్పను, చివరికి వాళ్లు చక్కగానే సర్దుకున్నారు కనుక. 1940ల నాటి నృత్య చిత్రం, 35 ఎం.ఎం. ప్రింటు. ఫిల్మును ఫిల్ముగా చూపించడమే అరుదైపోయింది కనుక హాలు నిండింది. పేర్లు పడుతున్నప్పుడే ఏదో తేడా కొట్టింది, పై వరుస పేరు అడ్డంగా సగానికి తెగి ఉంది. తరువాత మనుషులు వచ్చారు, నుదుళ్లు లేవు. నాట్యం మొదలైంది, పాదాలు లేవు. నాట్యమాడేవాళ్లు తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉండాలని హాలీవుడ్ నాట్యనటుడు ఫ్రెడ్ ఆస్టేర్ పట్టుబట్టేవాడు. ఆ రోజు తెర మీద ఉన్నది ఆయన కాదు గానీ, ఆ పట్టుదల ఎందుకో హాలంతటికీ అర్థమై ఉండాలి. కింద ప్రింటులోనే అచ్చయిన సబ్‌టైటిల్స్‌లో మొదటి వరుస కనిపిస్తోంది, రెండో వరుస లేదు. పాత్రలన్నీ ఏదో చెప్పబోయి మనసు మార్చుకుంటున్నట్టుంది.

జరిగినది ఇది. ప్రొజెక్టర్‌లో ఫిల్ము దాటే గేటు దగ్గర చిన్న లోహపు పలక ఒకటి ఉంటుంది. దానికి కోసిన కంత ఏ ఆకారంలో ఉంటే తెర మీద బొమ్మ ఆ ఆకారంలో పడుతుంది. సినిమా ఆకారాన్ని బట్టి పలకా మార్చాలి, లెన్సూ మార్చాలి. ముందు ఆటలో వేసిన 1.85 పలక, దాని లెన్సు అలాగే ఉండిపోయాయి. 1.37 బొమ్మను 1.85 కంతలోంచి పంపితే ఎత్తులో 26 శాతం గల్లంతు. తెరకు ఇరువైపులా ఉన్న నల్ల పక్కతెరలు కూడా 1.85 దగ్గరే ఆగి ఉన్నాయి. అందువల్ల బొమ్మ చట్రం నిండా పడి, చూడటానికి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించింది. తల లేకపోవడం ఒక్కటే లోపం.

మొదటి రీలు అలాగే గడిచింది. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు నడుస్తుంది. అది ముగిసే ముందు ఫ్రేము పై కుడి మూలలో చుక్క మెరుస్తుంది, దాన్ని చూసి ఆపరేటర్ రెండో ప్రొజెక్టర్‌కు మారతాడు. ఆ చుక్క కూడా కోతలో పోయిందేమో, మార్పు ఆలస్యమై తెర ఒక్క క్షణం తెల్లబడింది. రెండో యంత్రంలో మాత్రం ఎవరి పుణ్యమో సరైన పలక, సరైన లెన్సు ఉన్నాయి. ఉన్నట్టుండి తలలు వచ్చాయి, పాదాలు వచ్చాయి, మనుషులు మాత్రం చిన్నవాళ్లయ్యారు. బొమ్మకు అటూ ఇటూ తెల్లతెర బోసిగా మిగిలింది. నా వెనక వరుసలో ఒకాయన "ఇది దర్శకుడి ప్రయోగమా?" అని అడిగారు. పక్కనున్నావిడ గంభీరంగా "అవునండీ, ఇక్కడి నుంచి కల" అన్నారు.

ఆ కల రెండు మూడు నిమిషాలు నడిచాక పక్కతెరలు కదిలాయి. సినిమా ఆపకుండానే రెండు వైపుల నుంచీ మెల్లగా లోపలికి వచ్చి, బొమ్మ అంచు దగ్గర ఆగాయి. ప్రింటు అదే, దీపం అదే, బొమ్మ ఒక్క అంగుళం కూడా పెరగలేదు. అయినా నాట్యం చేస్తున్న జంట అప్పుడే దగ్గరికి వచ్చినట్టు అనిపించింది. అప్పటిదాకా కళ్లు బొమ్మ నుంచి తెల్లతెర మీదికి జారుతూ ఉన్నాయని అవి జారడం మానాకే తెలిసింది. హాల్లో చప్పట్లు మోగాయి, అవి నాట్యానికి కావు. ఆ రీలు నడుస్తుండగానే ఆపరేటర్ ఖాళీగా ఉన్న మొదటి యంత్రానికి పలకా లెన్సూ మార్చేసి ఉండాలి, మూడో రీలు నిండుగా వచ్చింది. మొదటి రీలును మాత్రం మళ్లీ వేయలేదు. ఆ సినిమా ప్రారంభం నాకు ఇప్పటికీ నుదుళ్లు లేకుండానే గుర్తు. ఈ ఒక్క కోపం తీరలేదు.

కొత్త మల్టీప్లెక్సుల్లో చాలాచోట్ల కదిలే పక్కతెరలు అసలు లేవు. పెద్ద తెర ఒకటి బిగిస్తారు, అందులో పడినంత పడుతుంది. అలాంటి హాల్లో ఉత్సవం పెట్టి, పునరుద్ధరించిన పాత సినిమాను ఎంత మంచి డిజిటల్ కాపీలో వేసినా, ఇంట్లోలాగే అటూ ఇటూ బూడిదరంగు పట్టీలు ఉంటాయి. చిత్రంగా, ఈ ఒక్క విషయంలో నా ఇల్లు ఆ హాలు కన్నా మెరుగు. ధ్వనిలో, ఫిల్ము వెలుగులో, పదిమందితో కలిసి నవ్వడంలో ఇల్లు దాని దరిదాపులకు కూడా రాదు.

ఈ తెరకు మోటారు లేదని మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు తాడే నయం అనిపిస్తోంది, ఎందుకంటే చాలా మోటారు తెరలు ముందే కుదిర్చిన రెండు మూడు చోట్లే ఆగుతాయి. పాత సినిమాలకు అవి సరిపోవు. మాటలు వచ్చిన తొలి ఏళ్లలో ఫిల్ము మీద శబ్దపు గీతకు చోటివ్వడంతో బొమ్మ ఇంకా ఇరుకై 1.19 దాకా వచ్చింది. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎమ్' ఆ ఆకారంలోనిదే. నా తెర వెడల్పులో దానికి మూడింట రెండు వంతులే చాలు. తాడుతో వెల్వెట్‌ను సరిగ్గా అక్కడికే లాగి ఆపుతాను. అంత ఇరుకు చట్రంలో హంతకుడి ముఖానికి తప్పించుకునే చోటు దొరకదు.

ఇంతవరకూ చెప్పిన మెప్పుకు కొన్ని సవరణలు ఉన్నాయి. వెల్వెట్ పెడితే బొమ్మలో నలుపు ఇంకా నల్లబడుతుందని అమ్మేవాళ్లు అంటారు. మామూలు దృశ్యాల్లో నాకూ అలాగే అనిపిస్తుంది. చాలా చీకటి దృశ్యాల్లో మాత్రం వెల్వెట్ పక్కన నిలబడలేక బొమ్మలోని నలుపే బూడిదరంగని బయటపడిపోతుంది. పాత ప్రొజెక్టర్‌తో ఇది మరీ ఎక్కువగా ఉండేది. దాన్ని మార్చడానికి ఈ గుడ్డలే సగం కారణం, ఆ ఖర్చును కూడా వీటి పద్దులోనే రాయాలి. రెండు పక్కలా సమానంగా జరుగుతాయన్న మాట మొదటి ఏడాదికే వర్తిస్తుంది. ఎడమ తాడు సాగి, ఆ వైపు గుడ్డ ఎప్పుడూ వేలెడు వెనకబడే ఆగుతుంది, దాన్ని చేత్తో సర్దుతున్నాను. వెల్వెట్‌కు దుమ్మంటే ప్రాణం. తుడవకపోతే ప్రొజెక్టర్ వెలుగులో అంచు పొడవునా నూగు మెరుస్తుంది, అప్పుడు పట్టీలే నయమనిపిస్తుంది.

పెద్ద లోటు ఇంకొకటి. గుడ్డలు పక్కలకే ఉన్నాయి, పైకీ కిందికీ లేవు. స్కోపు సినిమా, అంటే వెడల్పు ఎత్తుకు రెండింతలకు పైగా ఉండేది, వేసినప్పుడు ఖాళీ పైనా కిందా వస్తుంది, అక్కడ ఈ తెర చేతులెత్తేస్తుంది. 'కాగజ్ కే ఫూల్' మన దేశంలో మొదటి సినిమాస్కోపు చిత్రం, 1959 నాటిది. ఖాళీ స్టూడియోలోకి పైనుంచి వెలుగు దిగే దృశ్యాలు అందులో చూడదగ్గవి. అవి నా ఇంట్లో పైనా కిందా బూడిదరంగు పట్టీల మధ్యే పడతాయి. అలాంటివాటిని ఉత్సవాలకు వదిలేస్తున్నాను. ఇక 1927లో ఆబెల్ గాన్స్ తీసిన 'నెపోలియన్' చివర మూడు ప్రొజెక్టర్లతో పక్కపక్కన వేసే ఘట్టానికి వెడల్పు ఎత్తుకు నాలుగింతలు. అది నా తెర ఎత్తులో సగం కూడా నింపదు. దానికి ఏ గుడ్డా సాయం చేయలేదు, పెద్ద గోడ కావాలి.

కొన్ని సినిమాలకు గుడ్డ ఎక్కడ ఆపాలో కూడా తేలదు. 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' 1954 నాటిది, పాత ఆకారం పోయి కొత్తది వస్తున్న సంధికాలం. 2013లో క్రైటీరియన్ అనే డిస్కుల సంస్థ తెచ్చిన బ్లూరేలో దాన్ని 1.33, 1.66, 1.85 మూడింటిలోనూ ఇచ్చి, తేల్చుకునే పని మనకే వదిలారు. నాకు 1.66 నచ్చింది. ఇంట్లో మిగతావాళ్లకు 1.85 కావాలి, పట్టీలు దాదాపు ఉండవని.

కొనమంటారా అని అడిగితే, నా మాట నా అలవాట్లకు కట్టుబడినదని ముందే చెబుతాను. నాది చిన్న గది, కిటికీకి మందపాటి పరదా ఉంది, చూసేవి ఎక్కువగా నలుపు తెలుపు సినిమాలు. మీరు చూసేవాటిలో సగానికి పైగా స్కోపువైతే, వెడల్పు తెర తీసుకొని నలుచదరం బొమ్మకు పక్కలు మూసే ఏర్పాటు చేసుకోవడం మేలు. అప్పుడు ఎత్తు ఎప్పుడూ ఒకటే ఉంటుంది, పక్కగుడ్డలే అన్నిటికీ సరిపోతాయి. పాత సినిమా దాదాపు 58 శాతం వెడల్పులో ఇమిడిపోతుంది, అంత జాగా వదులుకోవడానికి మనసొప్పాలి. గదిలో వెలుతురు ఆపలేనివాళ్లకు, టీవీతో సరిపెట్టుకునేవాళ్లకు ఈ తెర దండగ. ఎటూ తేల్చుకోలేకపోతే, ముందు దళసరి నల్లగుడ్డ రెండు ముక్కలు ఇప్పుడున్న తెరకే అటూ ఇటూ వేలాడదీసి, రాత్రి దృశ్యాలు ఎక్కువగా ఉన్న ఒక పాత సినిమా వేసి చూడండి. తేడా తెలియకపోతే డబ్బు మిగిలినట్టే.