అండమాన్ తైలవర్ణ చిత్రాల పేరుతో అచ్చు కాన్వాసులు: హైదరాబాద్ కొనుగోలుదారులకు హెచ్చరిక

కొత్త ఇళ్లకు, ఆఫీసులకు పెద్ద సముద్ర చిత్రాలు కొనాలనుకుంటున్న హైదరాబాద్ వారి దృష్టికి ఈ విషయం తీసుకురావడం అవసరమనిపించి రాస్తున్నాను. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 వరకు హావ్‌లాక్ అని పిలిచిన దీవిలో, స్థిరపడిన ఒక చిత్రకారుడు తీరంలో నిలబడి తైలవర్ణాలతో స్వయంగా వేసినదని చెప్పి, మాదాపూర్ పరిసరాల్లో జరిగిన ఒక అమ్మకపు ప్రదర్శనలో నాకు అమ్మిన చిత్రం అసలు చేత్తో వేసినదే కాదు. కాన్వాస్ మీద యంత్రంతో అచ్చు వేసి, దానిపై పారదర్శకమైన జెల్‌ను కుంచె గీతల్లా పూసి అమ్మారు. ధర మాత్రం అసలు చిత్రానికి తగ్గట్టుగా 38,000 రూపాయలు తీసుకున్నారు. ఫిర్యాదు నడుస్తున్నందున అమ్మకందారు పేరు రాయడం లేదు.

అచ్చు బొమ్మ కొనడంలో తప్పేమీ లేదు. అచ్చు అని చెప్పి, అచ్చు ధరకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇక్కడ అమ్మింది చిత్రాన్ని కాదు, దాని వెనుక అల్లిన కథను. దీవి, ఒంటరి చిత్రకారుడు, కొబ్బరి చెట్ల నీడ, చివరికి ఆయన మన పాల్ గొగాన్ అన్న పోలిక కూడా అమ్మకందారు నోట వచ్చింది. 1891లో పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ దీవికి వెళ్లిన ఈ ఫ్రెంచ్ చిత్రకారుడు మంచి కాన్వాస్ అందుబాటులో లేక ముతక గోనెపట్టా మీద కూడా బొమ్మలు వేశాడు. దీవిలో ఉండి పనిచేసే చిత్రకారుడి ఇబ్బందులు అలా ఆయన వాడే వస్తువుల్లోనే కనిపిస్తాయి. నాకు అమ్మిన చిత్రంలో అలాంటి ఇబ్బంది ఛాయలే లేవు.

కథలో మొదటి పొరపాటు సూర్యుడిది. చిత్రం కింద 'రాధానగర్ తీరంలో సూర్యోదయం' అని రాసి ఉంది. రాధానగర్ తీరం దీవికి పడమటి వైపున ఉంది. అక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడే తప్ప సముద్రంలోంచి ఉదయించడు. విశాఖపట్నం, బాపట్ల తీరాల్లో సూర్యుడు నీళ్లలోంచి పైకి రావడం చూసి పెరిగిన మనకు ఆ మాటలో తేడా ఉందని వెంటనే తట్టదు, అమ్మకందారుకూ తట్టినట్టు లేదు. పైగా ఐదడుగుల వెడల్పున్న ఆ చిత్రాన్ని ఒకే పూట, సముద్రం ఎదుటే పూర్తి చేశారని చెప్పారు. ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిటారుగా పైకి లేస్తాడు, అలాగే దిగిపోతాడు; సంధ్య వెలుగు ఎక్కువసేపు నిలవదు. అందుకే అలాంటి చోట బయట పనిచేసేవారు సాధారణంగా చేతిలో పట్టే చిన్న పలక మీద రంగులను గుర్తుపెట్టుకుని, పెద్ద చిత్రాన్ని గదిలో తీరికగా వేసుకుంటారు. గాలికి తెరచాపలా ఊగే ఐదడుగుల కాన్వాస్‌ను ఇసుకలో నిలబెట్టి పనిచేస్తే తడి రంగులో ఇసుక రేణువులు అంటుకోకుండా ఉండడం కష్టం.

అసలు దొంగతనం బయటపడేది తైలం ఆరే తీరు దగ్గర. ఈ రంగుల్లో కలిపే అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరిపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పలుచని పొర కొన్ని రోజుల్లో చేతికి అంటకుండా అవుతుంది గానీ, అలల నురగ కోసం మందంగా పెట్టిన టైటానియం తెలుపు లోపలి వరకు గట్టిపడడానికి నెలలు పడుతుంది. అందుకే వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగడం వాడుక. దీవి వేడిమికి ఆ పని కొంత వేగంగా జరగవచ్చు, గాలిలోని తేమ మాత్రం దానికి అడ్డుపడుతుంది. నాకు చెప్పిన మాట ప్రకారం ఆ చిత్రం అంతకు ముందు వారమే పూర్తయింది. అయినా నురగ భాగమంతా ప్లాస్టిక్‌లా గట్టిగా, నిగనిగలాడే పూతతో, గొట్టంలో చుట్టి ఇచ్చారు. అవిసె నూనె, టర్పెంటైన్ వాసన లేశమైనా లేదు. వారం కిందటి మందపాటి తైలవర్ణాన్ని అలా చుడితే పొరలు ఒకదానికొకటి అంటుకుని పాడైపోతాయి.

ఇంట్లో భూతద్దంతో చూస్తే నీలాకాశం నిండా గులాబీ, పసుపు, నలుపు చుక్కలు కనిపించాయి. కుంచెతో కలిపిన రంగు చుక్కలుగా విడిపోదు. పైనున్న జెల్ గీతలు అల వంపుతో సంబంధం లేకుండా అడ్డదిడ్డంగా సాగాయి. అన్నిటికంటే నవ్వొచ్చిన విషయం, ఎడమ దిగువ మూలన నురగలో ఒక కుంచె వెంట్రుక చిక్కుకున్నట్టు కనిపిస్తుంది, కానీ వేలితో తడిమితే అక్కడ ఏమీ తగలదు. వెంట్రుకతో సహా ఫోటో తీసి అచ్చు వేశారు. మియాపూర్‌లో తెలిసినవారి హాల్లో ఇదే చిత్రం, అదే మూలన అదే వెంట్రుకతో వేలాడుతోంది. ఈ సంగతి చెబితే, చిత్రకారుడు ఒకే దృశ్యాన్ని రెండుసార్లు వేశాడని సమాధానం వచ్చింది!

వారి మాటను వారి బిల్లే కాదన్నది. జీఎస్టీ వర్గీకరణలో పూర్తిగా చేత్తో వేసిన చిత్రాలకు 9701 శీర్షిక ఉంది. అచ్చు వేసిన బొమ్మలు 4911 కిందికి వస్తాయి. నోటితో తైలవర్ణం అన్నవారు కాగితం మీద 4911తో మొదలయ్యే కోడ్ వేశారు. మీ బిల్లు మీద హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే ఈ వర్గీకరణ సంఖ్య, ఉంటే ముందు దాన్నే చూడండి. బిల్లు ఇవ్వబోమన్నవారి దగ్గర కొనకండి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి. చేత్తో వేసిన తైలవర్ణ చిత్రం, ముద్రణ కాదు అన్న మాటను బిల్లు మీదే రాసి సంతకం పెట్టమని అడగండి. నిజాయతీగల చిత్రకారుడికి అది ఒక నిమిషం పని. పని జరుగుతున్నప్పుడు తీసిన ఫోటోలు అడిగినా ఆయన సంతోషంగానే చూపిస్తాడు. నిజమైన తైలవర్ణపు పైపొర ఎలా ఉంటుందో ఇదివరకు గమనించనివారు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా చిత్రాల విభాగానికి వెళ్లి, ఎదురుగా కాకుండా పక్క నుంచి వెలుగు పడేలా చూస్తే, ఆ ఎత్తుపల్లాలు బొమ్మలోని ఆకారాలనే అనుసరిస్తున్నట్టు తెలుస్తుంది.

డబ్బు తిరిగి ఇవ్వమన్నప్పుడు కళాఖండాలను వాపసు తీసుకోము అన్నారు. అబద్ధపు వివరణతో అమ్మిన సరుకుకు ఆ షరతు అడ్డుగోడ కాదని నా అభిప్రాయం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, అమ్మకందారుకు రాతపూర్వక నోటీసు పంపాను. స్పందన రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. అక్కడ 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ల ఫిర్యాదుకు రుసుము లేదు, వివాదం తలెత్తినప్పటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. మీ గోడ మీద రాధానగర్ సూర్యోదయం ఉంటే ఎడమ దిగువ మూలను ఒకసారి తడిమి చూడండి. వెంట్రుక కంటికి కనిపించి వేలికి తగలకపోతే, బిల్లును, చిత్రం వెనుక వైపు ఫోటోలను, అమ్మకందారు పంపిన సందేశాలను చెరిపేయకుండా దాచి, మీరూ ఫిర్యాదు చేయండి.