డేట్ రాలేదు: ఆగితే మేలా, మాత్ర వేసుకుంటే మేలా?

మన భాషలో ‘నెల తప్పింది’ అంటే శుభవార్తే. పిల్లల కోసం ట్రీట్‌మెంట్ తీసుకునేవాళ్లకు మాత్రం ఆ మాట వింటే గుండె దడే, ఎందుకంటే మనకు నెల తప్పడానికి సవాలక్ష కారణాలుంటాయి.

నాకు పీసీఓఎస్, అంటే గుడ్డు సరిగ్గా విడుదల కాక డేట్లు తప్పే హార్మోన్ల సమస్య. గుడ్డు ఎదగడానికిచ్చే లెట్రోజోల్ మాత్రలు వాడిన మూడో నెలలో గుడ్డు ఎదగలేదని ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం) క్యాన్సిల్ చేశారు, ఆ తర్వాత 41 రోజులైనా డేట్ రాలేదు. మా అత్తయ్య నువ్వులుండలు చేసి పెట్టారు, పక్కింటావిడ బొప్పాయి పండు తెచ్చింది, మెడికల్ షాపతను అడిగీ అడగకముందే “మూడ్రోజులు వేసుకోండమ్మా, వచ్చేస్తుంది” అని ఓ స్ట్రిప్ చేతిలో పెట్టాడు. తమాషా ఏంటంటే అందులో ఉన్నది నోరెథిస్టిరాన్, అంటే ఇంట్లో వ్రతమో, తిరుపతి ప్రయాణమో ఉన్నప్పుడు డేట్ వెనక్కి జరపడానికి వేసుకునే మాత్రే! వేసుకున్నన్నాళ్లూ ఆపుతుంది, మానేస్తే వచ్చేలా చేస్తుంది.

ఏది మేలో చూసేముందు ఒక మెట్టుంది. ముందు ప్రెగ్నెన్సీ ఉందో లేదో తేల్చే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించుకోండి. గుడ్డు విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే అది పది రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా ఒంట్లో ఉంటుంది, ఈలోపు ఇంట్లో స్ట్రిప్ మీద రెండో గీత కనిపించినా నమ్మలేం. కొంచెం రక్తం కనిపించింది కాబట్టి ప్రెగ్నెన్సీ లేదనుకోవడమూ తప్పే. ఒకవైపు గట్టిగా కడుపునొప్పి, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే ఇదంతా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. ఇంకో సంగతి, ఐయూఐ తర్వాతో, ఐవీఎఫ్‌లో (గుడ్డును ల్యాబ్‌లో ఫలదీకరించే పద్ధతిలో) ఎంబ్రియో అంటే పిండం పెట్టాకో, లోపలి పొర నిలబడడానికి ఇచ్చిన ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఇంకా వాడుతుంటే డేట్ ఆలస్యం కావడం మామూలే. రిజల్ట్ నెగటివ్ అని తేలి, డాక్టర్ ఆపమన్నాక చాలామందికి వారంలోపు వచ్చేస్తుంది. రిజల్ట్ రాకముందే విసుగొచ్చి మనంతట మనం ఆపేయకూడదు.

ఇక ఆగడం సంగతి. ట్రీట్‌మెంట్‌కి ముందు 28, 30 రోజులకు సరిగ్గా వచ్చేవాళ్లకు నా ఓటు దీనికే. ఫెయిలైన సైకిల్ తర్వాత మొదటిసారి కొన్ని రోజులు అటూ ఇటూ కావడం, ఎప్పటికంటే ఎక్కువగా పోవడం, గడ్డలు పడడం చాలామందికి జరిగేదే. ఐవీఎఫ్‌లో నెలకి సరిపడా పనిచేసే డిపో ఇంజెక్షన్ వేసి ఉంటే ఇంకొంత ఆలస్యం అవుతుంది. ఆగడంలో ఉన్న లాభం, గుడ్డు ఆలస్యంగానైనా విడుదలైతే ఆ నెల వృథా పోదు. కానీ నాలాంటి పీసీఓఎస్ వాళ్లు నెలల తరబడి ఆగకూడదు. గర్భసంచి లోపలి పొర రాలకుండా మందమవుతూ పోతే ముందు ముందు ప్రమాదం, అందుకే మూడు నెలలకు ఒక్కసారైనా బ్లీడింగ్ కావాలంటారు.

ప్రొజెస్టిరాన్ మాత్రల పని ఇక్కడే. ఎక్కువగా రాసేది మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ 10 మిల్లీగ్రాములు, 5 నుంచి 10 రోజులు. ఆపాక మామూలుగా వారం లోపల బ్లీడింగ్ అవుతుంది. అయితే ఇది అసలైన పీరియడ్ కాదు, గుడ్డు విడుదలైందనడానికి ఇది సాక్ష్యం కాదు, పొర రాలిందంతే. “వచ్చేసింది, అంతా సెట్టయింది” అనుకుని మోసపోయేది ఇక్కడే, నేనూ ఒకసారి మోసపోయాను. మాత్రలు వాడినా రాకపోతే అదీ ఒక సమాచారమే: ఈస్ట్రోజన్ తక్కువుందేమో, అంతకుముందు డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చేయడం) జరిగి ఉంటే లోపల అతుకులు పడ్డాయేమో చూడాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు కూడా చేయించుకోవాలి.

గర్భనిరోధక మాత్రలంటే చాలామందికి కోపం. పిల్లల కోసం తిరుగుతుంటే పిల్లలు పుట్టకుండా మాత్రలేంటని! తర్వాతి ఐవీఎఫ్‌కి తేదీలు కుదుర్చుకోవడానికి, ఓ రెండు నెలలు విరామం తీసుకునేటప్పుడు ఇవి బాగానే పనికొస్తాయి, కానీ ఆ నెల సహజంగా ప్రయత్నించే వీలుండదు. బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు, ఇంట్లో రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లు డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఇంజెక్షన్ల వల్ల పొట్ట ఉబ్బి ఇంకా తగ్గకుండా ఉంటే అప్పుడసలు వద్దు.

ఇంకో దారీ ఉంది, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. పొర పలుచగా ఉండి, గుడ్డు ఎదగలేదని స్కాన్‌లో తేలితే బ్లీడింగ్ కోసం ఎదురుచూడకుండానే కొందరు డాక్టర్లు మళ్లీ లెట్రోజోల్ మొదలుపెడతారు. ప్రతిసారీ డేట్ తెప్పించాకే మందు అన్న రూలేమీ లేదు. లెట్రోజోలా, అదే పనికిచ్చే పాత మందు క్లోమిఫీనా అంటే పీసీఓఎస్ వాళ్లకి మొదటిదే మేలు. అమెరికాలో 750 మంది మీద చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో బిడ్డ పుట్టినవాళ్లు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫీన్‌తో 19.1 శాతం. పైగా క్లోమిఫీన్ ఒంట్లో ఎక్కువ రోజులు ఉండి పొరను పలుచన చేస్తుంది.

ఇంతకీ నా 41వ రోజు. బీటా నెగటివ్. షాపు స్ట్రిప్ వేసుకోబోతూ ఎందుకో అనుమానమొచ్చి వెళ్లి స్కాన్ చేయించుకుంటే గుడ్డు వారం కిందటే, ఎవరికీ చెప్పకుండా, విడుదలైందని తేలింది. అలాంటప్పుడు ఆ నెగటివ్‌కి అర్థమే లేదు, ఇంత తొందరగా రక్తంలో తెలియదు. మాత్ర ముట్టుకోవద్దు, పది రోజులాగి మళ్లీ పరీక్షకి రమ్మంది డాక్టరమ్మ. తొమ్మిదో రోజున డేట్ వచ్చేసింది. నువ్వులుండల వల్లే వచ్చిందని మా అత్తయ్య ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు.